మాట్లాడినవారి పేర్లు

ఆటసామాన్ల గది తలుపు మీద పెయింటరు నీలం అక్షరాలతో 'కౌన్సెలర్' అని రాసి వెళ్ళి పదకొండు వారాలైంది. గదిలో ఓ మూల గాలి తీసిన వాలీబాలు, కాలు విరిగిన క్యారమ్ స్టాండు ఇంకా అట్లాగే ఉన్నాయి. మిగిలిన చోట ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక రిజిస్టరు, కౌసర్.

బేస్తవారం పొద్దున మొదటి బెల్లు కాకముందే కిటికీ ఊచల అవతల ఒకామె వచ్చి నిలబడింది. చంకలో రెండేళ్ళ పిల్ల. పిల్ల నుదుటి కాటుక బొట్టు చెమటకు జారి కనుబొమ దాకా వచ్చింది.

"బుడాన్ సాయిబు కూతురివి నువ్వేగా? పిల్ల నిద్దట్లో ఉలిక్కిపడి ఏడుస్తందమ్మా. కాస్త మంత్రమేసి ఊది పంపిచ్చు తల్లీ."

"నేను ఊదనమ్మా. ఇక్కడ చదువుకునే పిల్లలతో మాట్లాడతా. అంతే."

"ఉత్త మాటలకి బోర్డు కూడానా!" ఆమె తలుపు వంక చూసింది. "మీ నాన్న బోర్డు లేకుండానే ఊదుతాడు."

"సాయంత్రం ఇంటికెళ్ళండి. నాన్న ఉంటాడు."

"సాయంత్రం దాకా కోతలో ఉంటాగా, ఇంకెట్టా వచ్చేది?" అంటూనే ఆమె పిల్లను రెండో చంకకు మార్చుకుని వెళ్ళిపోయింది.

కౌసర్‌కు చెవులు వేడెక్కాయి. వారానికి ఇద్దరు ముగ్గురు ఇట్లా వస్తూనే ఉంటారు. ఈ ఊళ్ళో సైకాలజీలో ఎం.ఏ. చేసింది ఆమె ఒక్కతే. ఊరికీ ఆ సంగతి తెలుసు. కానీ ఊరి లెక్కలో అది తండ్రి చేసే పనికే పైచదువు.

బల్ల మీది గాజుపలక కింద, హైదరాబాదు నుంచి తెప్పించుకున్న దరఖాస్తు ఉంది. బడిపిల్లలకు దారి చూపే పనిలో ఏడాది డిప్లొమా. అది చేతిలో ఉంటే ఏ బడిలోనైనా తన పనికో పేరుంటుంది. దానికి రెండు కాగితాలు జతచేయాలి. మూడు నెలలు పనిచేసినట్టు హెడ్మాస్టరు రాసిచ్చేది ఒకటి. ఒక విద్యార్థి గురించి తను రాసి, ఆయన చేత సంతకం పెట్టించిన నివేదిక రెండోది. మార్చి పదో తేదీ ఆఖరు. మూడు నెలలకు ఇంకా రెండు వారాలు తక్కువ. నివేదికకు ఇంతవరకూ ఏ విద్యార్థీ దొరకలేదు.

"కౌసరూ," అంటూ శేషాచలం మాస్టారు లోపలికి వచ్చారు. జిల్లా పరిషత్ బడిలో ఆమెకు లెక్కలు చెప్పిన మాస్టారే ఆయన. రిటైరయ్యాక ఈ జ్ఞానసుధ హైస్కూలు పెట్టారు. ఇప్పటికీ చొక్కా జేబులో రెండు సుద్దముక్కలు ఉంటాయి. మూడు జవాబు పత్రాలు బల్ల మీద పరిచారు.

"వేదశ్రీవి. లెక్కలు, సైన్సు, సోషలు. చూడు."

తెల్లగా ఉన్నాయి. పైన రోల్ నంబరు కూడా లేదు.

"పన్నెండు రోజులుగా ఇదే వరస. కలం పట్టుకుంటే వేళ్ళు బిగుసుకుపోతున్నాయిట. గుంటూరు తీసుకెళ్ళి చూపించారు. నరం భేషుగ్గా ఉందన్నాడు డాక్టరు. నరం బాగుంటే చెయ్యి ఎందుకు రాయదమ్మా? లెక్కన్నాక జవాబుండాలి కదా."

కౌసర్ ఒక పత్రం ఎత్తి వెలుతురుకు పట్టి చూసింది. మధ్యలో ఒకచోట కలం మొన గట్టిగా నొక్కిన చిన్న గుంట ఉంది. చుక్క కూడా పడలేదు.

"సోమవారం ప్రీఫైనల్ మొదలు," అన్నారాయన. ఆయన మాటెప్పుడూ మెత్తగానే ఉంటుంది. "ఈ ఏడాది బడికి పేరొచ్చేది ఆ పిల్ల వల్లే. కమిటీవాళ్ళు నీ గది గురించి అడుగుతున్నారు. ఆ పిల్ల చేత రాయించు, నీ కాగితాలన్నిటి మీదా సంతకం పెడతాను. రాయకపోయిందా, ఇక నేనేం చేసేది? ఆటసామాన్లు మళ్ళీ ఇక్కడికే వస్తాయి."

రెండో పీరియడులో వేదశ్రీ వచ్చింది. శివాలయం పూజారిగారి అమ్మాయి, పదో తరగతి లీడరు. కుర్చీ అంచున కూర్చుంది. కుడిచేతిని ఎడమచేత్తో, పడిపోయిన పిచ్చుకపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుంది.

కౌసర్ రిజిస్టరు తెరిచి, వరసగా రాసి పెట్టుకున్న ప్రశ్నలు అడిగింది. నిద్ర పడుతోందా? పడుతోంది మేడం. పరీక్షలంటే భయమా? లేదు మేడం. ఇంట్లో ఎవరైనా ఇన్ని మార్కులు రావాలంటున్నారా? లేదు మేడం. ప్రతి జవాబూ మర్యాదగా వచ్చింది, మర్యాదగా అక్కడే ఆగిపోయింది. ఒక కాగితం మీద కలం పెట్టి ముందుకు జరిపింది. వేదశ్రీ కలం తీసుకుంది. బొటనవేలి గోరు తెల్లబడింది. మణికట్టు దాకా చెయ్యి కొయ్యలా అయింది. ఆ పిల్ల కళ్ళు మాత్రం తన చేతిని కాదు, కౌసర్‌నే చూస్తున్నాయి. 'మీరు కూడా ఇంతేనా' అన్నట్టు.

"పర్వాలేదు, పెట్టెయ్," అంది కౌసర్. ఆ మాట తన చెవికే పుస్తకంలోంచి చదివినట్టు వినిపించింది.

పిల్ల వెళ్ళాక వరండా స్తంభం పక్కనుంచి తల్లి శ్యామలాంబ ఇవతలికి వచ్చింది. కొంగు భుజం చుట్టూ లాక్కుని గొంతు తగ్గించింది.

"ఏమనుకోకమ్మా కౌసరూ. ఇవాళ బేస్తవారం, ఊదించుకోడానికి మంచిరోజు కదా. సాయంత్రం మీ నాన్నగారి దగ్గరికి తీసుకురానా? ఒక్కసారి ఊదితే... మా వారికి ఇంకా చెప్పలేదు."

కౌసర్ రిజిస్టరు మూసి దాని మీద చెయ్యి పెట్టింది. "తీసుకురండి," అంది చివరకు. శ్యామలాంబ మెట్లు దిగి వెళ్ళేదాకా రిజిస్టరు మీద చెయ్యి అట్లాగే పెట్టి నిలబడింది. అందులో 'లేదు మేడం' అన్న జవాబులు ఏడున్నాయి.

*

బుడాన్ ఇంటి పంచలో దూదేకే విల్లు దూలానికి వేలాడుతోంది. ఎవరిదో పాత పరుపు విప్పి, గడ్డకట్టిన దూదిని ముందు పోసుకున్నాడు. కొయ్యతో తంతిని తట్టినప్పుడల్లా 'ధుం' మని మోగి, గడ్డ అంచు కాస్త విచ్చుకుంటుంది. గడ్డను చేత్తో పీకడు. తంతిని దాని పక్కకు తెచ్చి మోగిస్తాడు, ఇంకాస్త దగ్గరకు తెచ్చి మోగిస్తాడు. అతని కనుబొమల మీద, మీసం మీద, లుంగీ మీద తెల్లటి నూగు.

"ఇక చాలించు. జనం వచ్చారు," అంది భార్య లాల్‌బీ లోపల్నుంచి.

కౌసర్ లోపలి గదిలో ఉతికిన బట్టలు మడతపెడుతోంది. తలుపు సందులోంచి పంచ కనిపిస్తుంది. చిన్నప్పట్నుంచీ వింటున్న గొడవే కాబట్టి, ఎప్పుడూ చెవిన పెట్టదు.

మొదటివాడు జ్వరంతో ఉన్న కుర్రాడు. బుడాన్ వాడి మెడ మీద చెయ్యేసి తల్లితో అన్నాడు. "ఊదుతాలే. ముందు డాక్టరు దగ్గర సూది ఏయించుకుని రండి. సూదికి నేనడ్డం రాను, నాకు సూది అడ్డం రాదు."

తర్వాత శ్యామలాంబ, వెనకే వేదశ్రీ. లాల్‌బీ చాప వేసింది. శ్యామలాంబ చెప్పడం మొదలుపెట్టింది. చెయ్యి, డాక్టరు, పరీక్షలు, మండలంలో మొదటి ర్యాంకు. బుడాన్ వింటూ దూదిలో చిక్కిన పుల్లలు ఏరి పక్కన పెడుతున్నాడు. ఆమె చెప్పడం అయిపోయింది. ఇంకో పుల్ల ఏరాడు. వీధిలో మిరప బస్తాల ట్రాక్టరు పోయింది. అందరికీ తుమ్ములొచ్చాయి. వేదశ్రీకి కూడా. బుడాన్ నవ్వాడు.

"తల్లీ, రోజూ బడి వదిలాక ఈ వీధినే పోతారుగా మీరు. ఇద్దరుండేవాళ్ళు. ఆ పొట్టిజడల పిల్ల ఏదీ, కనపడటంలా?"

లోపల కౌసర్ చేతిలో దుప్పటి సగం మడతలో ఆగిపోయింది.

"రావట్లేదు తాతా," అంది వేదశ్రీ.

"వంట్లో బాగాలేదా?"

"లేదు. మిరపకాయల్లోకి వెళ్తోంది."

"ఆహా. ఎన్నాళ్ళయింది?"

వేదశ్రీ లెక్కపెట్టుకోలేదు. "పన్నెండు రోజులు," అంది. అనేసి తన చెయ్యి వంక చూసుకుంది.

బుడాన్ చేతిలోని పుల్ల పక్కన పెట్టాడు. నెమలీకల కట్ట తీసి ఆ పిల్ల తల మీద నుంచి భుజం దాకా మెల్లగా దించాడు. పెదవులు కదిలాయి. మూడుసార్లు ఊదాడు. చిటికెడు పంచదార అరచేతిలో వేశాడు. "పోయి రా తల్లీ."

వాళ్ళు వెళ్ళాక కౌసర్ పంచలోకి వచ్చింది.

"నాన్నా, ఆ పిల్ల సంగతి నీకెట్టా తెలిసింది?"

"ఏ సంగతి?"

"ఇద్దరు పోయేవాళ్ళని."

"పంచలో కూచునేవాడికి వీధి కాక ఇంకేం కనపడుద్దే!" అని బుడాన్ మళ్ళీ విల్లు అందుకున్నాడు. కౌసర్ అక్కడే నిలబడింది. ఆమె రాసుకున్న ప్రశ్నల్లో, నీతో నడిచేవాళ్ళెవరు అన్నది లేదు. ఇరవయ్యారేళ్ళుగా ఈ పంచలో ఊదడం ఒక్కటే కనిపించింది తనకు. ఊదే ముందు ఉన్నదంతా ఇవాళే చూసింది. సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకే, ఎందుకో తేలిగ్గా కూడా ఉంది.

*

శుక్రవారం మధ్యాహ్నం పదో తరగతి పిల్లలంతా ఆటలకు వెళ్ళాక, కౌసర్ వేదశ్రీని గదికి కాక తరగతికే రమ్మంది. ఇద్దరూ ఆఖరి బెంచీలో కూర్చున్నారు. రిజిస్టరు తెచ్చుకోలేదు. చేతులకు ఏదో ఒక పని ఉండాలని, చీర కుచ్చిళ్ళకు అంటిన దూదినూగు ఏరుతూ కూర్చుంది.

ఎదురుగా నల్లబల్ల. దాని ఎడమ మూల తెల్ల పెయింటుతో గీసిన గడి, గడిపైన 'మాట్లాడినవారు' అని అక్షరాలు. సార్ లేనప్పుడు మాట్లాడినవాళ్ళ పేర్లు లీడరు అందులో రాయాలి. ఒక వారంలో మూడుసార్లు పేరు పడితే, తల్లినో తండ్రినో వెంటబెట్టుకొస్తేనే గేటు లోపలికి రానిస్తారు. శేషాచలం మాస్టారు జిల్లా పరిషత్ బడిలో ఉన్నప్పుడు కూడా ఇదే పద్ధతి.

ఎంతసేపైందో. పిల్లల అరుపులు గ్రౌండులోంచి వస్తున్నాయి, పోతున్నాయి. కౌసర్‌కు ఏదైనా అడగాలని నాలుక చివర దురదగా ఉంది. కింది పెదవి పళ్ళ కింద నొక్కి పెట్టుకుంది.

"ఆ రోజు సైన్సు సార్ రాలేదు మేడం," అంది వేదశ్రీ.

కౌసర్ నూగు ఏరుతూనే ఉంది.

"నేను బోర్డు దగ్గర నిలబడ్డాను. నాతో నడిచొచ్చే కోటిరత్నానిది మొదటి బెంచీ. లెక్కొకటి రాలేదు దానికి. ఇక్కడ ఈ మెట్టు ఎట్టా వచ్చిందే అని అడిగింది. చెప్పాను. మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాను. అప్పుడు మాస్టారు వచ్చారు. ఎవరు మాట్లాడుతున్నారు, పేరు రాయలేదేం అన్నారు. రాశాను."

"ఊఁ."

"అది మూడోసారి. ముందు రెండుసార్లు కూడా లెక్కలే అడిగింది." వేదశ్రీ గొంతు సన్నబడింది. "మూడుసార్లూ మాట్లాడింది నాతోనే మేడం."

"నీ పేరు?"

"లీడరు పేరు ఎవరు రాస్తారు మేడం?"

కౌసర్ నూగు ఏరడం ఆపింది. తానూ లీడరుగా చేసింది. ఎనిమిది నుంచి పది దాకా మూడేళ్ళు ఇట్లాంటి గడిలోనే గుండ్రటి అక్షరాలతో పేర్లు రాసింది. ఎవరెవరివో ఇప్పుడు ఒక్కటీ గుర్తురావడం లేదు. తన చేతికి ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడం ఇన్నాళ్ళూ గర్వంగానే ఉంది. పక్కన బిగుసుకుని ఉన్న ఆ చిన్న చెయ్యి తన చేతికంటే ఆరోగ్యంగా ఉందేమోనని మొదటిసారి అనిపించింది.

సాయంత్రం మాస్టారి గదికి వెళ్ళింది. ఆయన మొత్తం విన్నారు. కళ్ళజోడు తీసి ధోవతి అంచుతో తుడుచుకున్నారు.

"పేర్లు నువ్వూ రాశావుగా కౌసరూ. నువ్వు పాడైపోయావా?"

"కోటిరత్నాన్ని లోపలికి రానివ్వండి మాస్టారూ. వాళ్ళమ్మ కోతల్లో ఉంది, రాలేదు."

"ఒక్క పూట. ఒక్క పూట వచ్చి నిలబడలేదా, కన్నకూతురి కోసం? అందరూ వస్తున్నారు. ఒకరికి సడలిస్తే పద్ధతి ఏం మిగులుతుంది?" ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు. "ఆ పిల్ల సంగతి వేరు, ఈ పిల్ల సంగతి వేరు. నేను నీకు అప్పజెప్పింది ఈ పిల్లని."

కౌసర్ బయటికి వచ్చింది. వెనక్కి వెళ్ళి ఏదో గట్టిగా అనాలనిపించింది. కానీ ఆయన ఎదుట ఇప్పటికీ చేతులు కట్టుకునే నిలబడతాననీ, ఇప్పుడూ అట్లాగే నిలబడ్డాననీ గుర్తొచ్చింది.

*

కోటిరత్నం దగ్గరికి వెళ్దామని కౌసర్ అడగడంతో, ఆదివారం పొద్దున శ్యామలాంబ తడిపిన చేతిరుమాలు కూతురి ముక్కుకు కట్టి పంపింది. "ఘాటు పడదమ్మా దానికి. నీళ్ళు దగ్గర పెట్టుకోండి," అని కౌసర్‌కు రెండుసార్లు చెప్పింది.

మార్టూరు రోడ్డు పక్కన కల్లం. ఎకరం పొడుగునా పట్టాలు పరిచి మిరపకాయలు ఆరబోశారు. దూరం నుంచి చూస్తే నేల మీద ఎవరో ఎర్రచీరలు ఆరేసినట్టుంది. దగ్గరికి వెళ్ళేసరికి గొంతు పట్టేసింది. ఒక వైపు పదిమంది ఆడవాళ్ళు తలగుడ్డలు ముక్కు దాకా చుట్టుకుని వరసగా కూర్చున్నారు. తెల్లబారిన తాలుకాయలు ఏరి ఒక గంపలో, మంచివి ఇంకో గంపలో వేస్తున్నారు. చేతులు ఎంత వేగంగా ఆడుతున్నాయో నోళ్ళూ అంతే వేగంగా ఆడుతున్నాయి.

చివరన కూర్చున్న పొట్టిజడల పిల్ల తలెత్తింది.

"ఏమే లీడరూ, కల్లంలో కూడా పేర్లు రాసుకోడానికొచ్చావా? రాసుకో. ఇక్కడ పదకొండు మందిమీ మాట్లాడతన్నాం."

ఆడవాళ్ళంతా ఘొల్లున నవ్వారు. వేదశ్రీ కదలలేదు. ముఖానికి కట్టిన రుమాలు మాత్రం లోపలికీ బయటికీ ఊగింది.

కోటిరత్నం తల్లి వెంకటరావమ్మ గంప పక్కకు జరిపి కౌసర్‌కు చోటిచ్చింది. "కూచో అమ్మా. బడి నుంచి వచ్చావా? నేను బడికి వద్దన్నానా చెప్పు. ఒక్క పూట వచ్చి నిలబడమన్నారంట. ముఠాలో ఒక మనిషి మానితే ఆ పని మిగతావాళ్ళ నెత్తిన పడుద్ది. మానినదాన్ని మళ్ళా పిలవరు. కోతలైనాక వస్తానని చెప్పి పంపిచ్చా. అప్పటికి పరీక్షలే అయిపోతయ్యంటగా."

"అయిపోతాయి," అంది కౌసర్.

"మరి? తప్పెవరిది?"

వెంకటరావమ్మ జవాబు కోసం ఆగలేదు. ఆమె చేతులు మళ్ళీ కాయల్లోకి వెళ్ళిపోయాయి.

వేదశ్రీ మెల్లగా వెళ్ళి కోటిరత్నం ఎదుట గొంతుక్కూర్చుంది. ఏం మాట్లాడాలో తెలియక ఒక తాలుకాయ తీసి గంపలో వేసింది. ఇంకోటి తీసింది.

"నామీద కోపమా?" అంది.

"కోపమే. ఇంకెవరి మీద పడమంటావు, మాస్టారి మీదా?" కోటిరత్నం తల ఎత్తకుండానే అంది. "నువ్వు నా పేరు రాస్తంటే చూస్తానే ఉన్నా. సున్నా గుండ్రంగా వచ్చిందా లేదా అని వెనక్కి జరిగి చూసుకున్నావు. నా పేరు అంత అందంగా నా పుస్తకం మీద నేను కూడా రాసుకోలేదే."

వేదశ్రీ కాయలు ఏరుతూనే ఉంది. కౌసర్ చూపు ఆ చేతి మీద పడి అక్కడే నిలిచిపోయింది. కుడిచెయ్యి. బొటనవేలు, చూపుడువేలు, కింద ఆనుకున్న నడిమివేలు. సరిగ్గా కలం పట్టినట్టే కాయను పట్టుకుంటోంది, వదులుతోంది. కౌసర్ ఊపిరి బిగబట్టింది. ఇప్పుడు తను ఒక్క మాటన్నా ఆ చెయ్యి ఉలిక్కిపడుతుంది. పుస్తకాల్లో చదివిన జబ్బుల పేర్లన్నీ నోటిదాకా వచ్చాయి. వాటిని మింగేసి, తనూ ఒక తాలుకాయ ఏరింది.

"చెయ్యి పడిపోయిందన్నారు. బానే ఏరతన్నావుగా?" అంది కోటిరత్నం.

వేదశ్రీ చెయ్యి గాలిలో ఆగిపోయింది. వేళ్ళ మధ్య తెల్లబారిన కాయ. దాన్ని చూసుకుంది, వేళ్ళను చూసుకుంది. కాయ మాత్రం జారిపోలేదు.

"దొంగ చెయ్యి," అంది కోటిరత్నం. ఈసారి మూతి పక్కకు వంకర తిరిగింది.

వేదశ్రీ నవ్వబోయి ఏడ్చింది. ఏడుస్తూ ఆ చేత్తోనే కళ్ళు తుడుచుకుంది. మరుక్షణం "అమ్మా!" అని కెవ్వున అరిచి లేచి గంతులేసింది. కల్లమంతా లేచింది. "కళ్ళు నలపమాక!" "నీళ్ళు, నీళ్ళు!" "పంతులుగారి పిల్లకి కల్లం తగిలిందే!" కోటిరత్నం బిందె ఎత్తి, మోచేతులతో వేదశ్రీ తల పట్టుకుని కళ్ళల్లో నీళ్ళు పోసింది. ఎన్ని నీళ్ళు పోసినా కన్నీళ్ళు ఆగలేదు. మంట వల్ల వచ్చేవేవో, మిగతావేవో ఎవరూ విడదీయలేదు. పోసేపిల్ల కళ్ళు కూడా ఎర్రగా ఉన్నాయి.

"రేపు గేటు దాకా రా," అంది వేదశ్రీ ముక్కు చీదుకుంటూ.

"రానిస్తారా మీ మాస్టారు?"

"నువ్వు గేటు దాకా రా చాలు."

*

సోమవారం తొమ్మిదింటికి శేషాచలం మాస్టారు ప్రశ్నపత్రాల కట్టతో పదో తరగతి గుమ్మంలో ఆగిపోయారు. కౌసర్ ఆయన వెనకే ఉంది. పిల్లలు చడీచప్పుడూ లేకుండా కూర్చుని ఉన్నారు. వేదశ్రీ నల్లబల్ల ముందు నిలబడి ఉంది.

తెల్ల గడిలో మూడు వరసలు. వేదశ్రీ. వేదశ్రీ. వేదశ్రీ. అక్షరాలు పలక పట్టిన మొదటి రోజు రాసినట్టున్నాయి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, మూడోది గడి దాటి బయటికి జారింది. సుద్దముక్క రెండుగా విరిగి కింద పడి ఉంది.

"రాశావా?" మాస్టారి ముఖం వెలిగింది. "రాశావే! కౌసరూ, చూడు, రాసింది!"

"రాశాను మాస్టారూ. మూడుసార్లూ నేనూ మాట్లాడాను." వేదశ్రీ సుద్ద అంటిన చెయ్యి పరికిణీకి తుడుచుకుంది. "మా అమ్మ వచ్చేదాకా లోపలికి రాకూడదు కదా."

ఆ పిల్ల ఆయన పక్కనుంచే నడిచి, వరండా దిగి, గేటు అవతలికి వెళ్ళింది. అక్కడ యూనిఫాం వేసుకుని, వేళ్ళ చివర్లు ఎర్రగా ఉన్న కోటిరత్నం నిలబడి ఉంది. ఇద్దరూ గోడకు ఆనుకున్నారు.

మాస్టారు గేటు దాకా వెళ్ళారు. "వేదా, పరీక్ష టైమైంది. లోపలికి రా అమ్మా."

"పద్ధతి కదా మాస్టారూ," అంది వేదశ్రీ. ఆ గొంతులో ఎకసెక్కం లేదు. నిజంగానే అడుగుతోంది.

ఆయన కౌసర్ వంక తిరిగారు. "ఇది నువ్వు నేర్పావా?"

కౌసర్ చేతులు కట్టుకుని లేదు. అది ఆమెకు తర్వాత తెలిసింది. "నేనేమీ నేర్పలేదు మాస్టారూ. వింటూ కూర్చున్నా, అంతే."

గుడి వైపు నుంచి శ్యామలాంబ గబగబా వస్తోంది. చేతిలో ఇంకా పూలసజ్జ ఉంది. కూతురు పొద్దున్నే అంతా చెప్పి ఉండాలి. గేటు దగ్గర ఆగి ఆయాసం తీర్చుకుంది.

"నేనొచ్చాను మాస్టారూ. మా అమ్మాయి క్లాసులో మాట్లాడింది, తప్పే." ఆమె కోటిరత్నం భుజం మీద చెయ్యి వేసింది. వేసిన చేతిని ఒకసారి తానే చూసుకుంది, తీయలేదు. "ఈ పిల్ల తల్లి కోతలో ఉందిట. ఆవిడ బదులు కూడా నేనే నిలబడతాను. కుదురుతుందా?"

శేషాచలం మాస్టారు చేతిలోని కట్ట ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చారు. గేటు ఊచల సందుల్లోంచి ఆ పిల్ల ఎర్రటి వేళ్ళ వంక చూశారు.

"నీ రోల్ నంబరెంత?" అని అడిగారు.

"ముప్పై ఏడండీ," అంది కోటిరత్నం.

"వెళ్ళి కూర్చో. ఇద్దరూ వెళ్ళండి. తొమ్మిదింబావు అవుతోంది."

ఆ పూట వేదశ్రీ రెండున్నర గంటల్లో నాలుగు పేజీలే రాసింది. అక్షరాలు గీత దాటి కొండలు లోయలుగా పోయాయి. కోటిరత్నం తొమ్మిది పేజీలు రాసి, తను రాని రోజుల పాఠాల ప్రశ్నల దగ్గర ఖాళీ వదిలింది.

*

బుధవారం సాయంత్రం కౌసర్ నివేదిక పట్టుకుని మాస్టారి గదికి వెళ్ళింది. ఆ రోజు పరీక్షలో వేదశ్రీ ఏడు పేజీలు రాసింది. నివేదికలో చెయ్యి గురించి, దూదినూగు గురించి, తాలుకాయ గురించి ఉన్నది ఉన్నట్టు రాసింది. 'కారణం' అన్నచోట మాత్రం మూడు కాగితాలు చింపి, నాలుగోదాని మీద రాసింది. 'తరగతిలో మాట్లాడినవారి పేర్లు తోటి విద్యార్థి చేత రాయించే పద్ధతి.' అది చదివాక ఆయన సంతకం పెట్టకపోవచ్చు. పెట్టకపోతే ఈ ఏడాది డిప్లొమా లేదు. ఆ సంగతి తెలిసే రాసింది.

ఆయన ఎర్ర పెన్ను మూత తీసి, లెక్కల పేపరు దిద్దినట్టు వాక్యం వాక్యం కింద పెన్ను నడుపుతూ చదివారు. 'కారణం' దగ్గర పెన్ను ఆగింది.

"ఒక మెట్టు వదిలేశావు," అన్నారు.

"ఏదండీ?"

"పద్ధతి అన్నావు. ఎవరి పద్ధతి? ఆకాశంలోంచి పడిందా?"

కౌసర్ ఆయన ముఖంలోకి చూసింది. కోపమో కాదో తెలియలేదు. ఆయన కాగితం దగ్గరకు లాక్కుని, 'పద్ధతి' అన్న మాట ముందు చిన్న గుర్తు పెట్టి, పైన ఎర్రసిరాతో రాశారు. 'నేను పెట్టిన'. కింద సంతకం చేసి తేదీ వేశారు. మూడు నెలల కాగితం మార్చి మూడున ఇస్తానన్నారు.

"నువ్వు లీడరుగా ఉన్నప్పుడు," అని ఆగారు. "ఎవరైనా అట్లా బయట నిలబడిపోయారా?"

"గుర్తులేదు మాస్టారూ."

"నాకూ గుర్తులేదు," అన్నారాయన. ఆయన గొంతులో ఆ మెత్తదనం ఎప్పటిలా లేదు. పెన్ను మూత పెట్టడం మర్చిపోయారు.

పదో తరగతి నల్లబల్ల మీద గడి అట్లాగే ఉంది. ఆ వారం అందులో ఇంకెవరి పేరూ పడలేదు. పరీక్ష అయ్యాక మధ్యాహ్నం సైన్సు సార్ లేని పీరియడులో పిల్లలు మాట్లాడుకుంటున్న హోరు కౌసర్ గది దాకా వచ్చింది.

బేస్తవారం పొద్దున కిటికీ ఊచల అవతల మళ్ళీ ఆమే. చంకలో పిల్ల, నుదుట జారిన కాటుక. ఆమె కళ్ళ కింద నల్లటి చారలున్నాయి. అవి పోయిన వారం కూడా ఉండే ఉంటాయి.

"పిల్ల ఇంకా నిదరపోటల్లా అమ్మా. మీ నాన్న దగ్గరికి పోదామంటే సాయంత్రం నాకు తీరదు. నువ్వు ఊదవని తెలుసు. అయినా ఈ దారిన పోతా పోతా ఆగా."

కౌసర్ లేచి తలుపు బార్లా తీసింది. రెండో కుర్చీని నీడలోకి, వరండాలోకి ఎత్తుకొచ్చి వేసింది.

"రండి, కూర్చోండి. ఏం పేరు పెట్టారు పిల్లకి?"

ఆమె పేరు చెప్పింది. కోతకు టైమవుతోందని రోడ్డు వైపు చూసింది. పిల్ల వంక చూసింది. తర్వాత పిల్లను చంకలోంచి ఒళ్ళోకి దించుకుని, కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చుంది.